పాండురంగన్ తలుపు

వకీలు సౌందరరాజన్ చచ్చిపోయిన పదమూడు నెలలకు ఆయన కొడుకు హరికృష్ణన్ మా ఇంటికి వచ్చాడు. చచ్చిపోయిన అనే రాస్తున్నాను. కాలం చేశారని, పరమపదించారని రాయడం నాకూ తెలుసు. ముప్పై రెండేళ్ళు బడిలో పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. ఆయన కోసం అంత మంచి మాటలు వాడటం నాకు ఇష్టం లేదు, అంతే.

హరికృష్ణన్ కారు దిగి, చెప్పులు విడిచి, మెట్టు మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు.

"టీచర్, అప్పా డైరీలు ముప్పై అయిదు ఉన్నాయి. అన్నీ తెలుగు అక్షరాల్లో రాసి పెట్టినాడు. మాకు ఎవరికీ చదివేదానికి రాదు."

"మాట్లాడేది తెలుగే కదా?"

"మాట్లాడేదానికి వచ్చు టీచర్. ఎళుత్తు తెలియదే, ఒక్క అక్షరం కూడా."

రాజపాళయంలో మా ఇళ్ళ సంగతి ఇంతే. నోట్లో తెలుగు, చేతిలో తమిళం. పెళ్ళిపత్రిక తమిళంలో అచ్చు వేస్తారు, అత్తగారికి ఉత్తరం రాసినా తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లోకి ఎక్కిస్తారు. నేను పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు మాట్లాడితే ఇప్పటికీ వెనకాల నవ్వుతారు. మా వీధి పిల్లలంతా తమిళ బడికే పోయారు, తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు ఇక్కడ ఇద్దరే ఉండేవాళ్ళం. ఒకరు పోయారు. ఇంకొకదాన్ని నేను.

ఆయనకు ఆ అక్షరాలు దిద్దించింది కూడా నేనే. నలభై ఏళ్ళ మనిషి, కోర్టు నుంచి వచ్చి మా తిన్నె మీద బాసింపట్టు వేసుకుని, పలక అడిగి మరీ నేర్చుకున్నాడు. పాత సామాన్లు పోగేసే పిచ్చి ఆయనకు అప్పటికే ఉంది. "పాత పత్రాలు తెలుగులో ఉంటాయి మంగళం, చదవాలి గదా" అన్నాడు. నమ్మాను. ఆరు నెలలు మా అమ్మ రోజూ కాఫీ కలిపి ఇచ్చింది. పత్రాలూ లేవు, పాడూ లేదు. భార్యకు, గుమాస్తాకు, కొడుక్కి తెలియకుండా రాసుకోవడానికి ఆయనకు ఒక తాళం కావాలి. దాన్ని మా ఇంట్లో చేయించుకున్నాడు. అంత పేరున్న వకీలు, తాళం చేసినవాళ్ళ దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుందని మాత్రం మరిచిపోయాడు.

"ఇప్పుడు ఏమిటికి ఆ డైరీలు?" అన్నాను.

"మదురై నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చినారు టీచర్. హోటల్ కట్టుతున్నారంట, అప్పా సామానంతా తీసుకుంటామన్నారు. ఏది ఎవరింటి నుంచి వచ్చినదో చూపించాలంట. అంతా డైరీలోనే ఉంది అని అప్పా చెప్తుండినాడు."

"సామానంతా అంటే తలుపు కూడానా?"

"ఏ తలుపు?"

నా ఒళ్ళు మండిపోయింది. కోయంబత్తూరులో ఉద్యోగం చేసుకుంటూ పండగకు పబ్బానికి వచ్చిపోయే మనిషి, అతనికి తెలియకపోవచ్చు. అయినా మండింది. వాళ్ళ హాల్లో ఇరవై ఏళ్ళుగా నిలబడి ఉన్నది మా తలుపు. దాని పక్కనుంచే నడిచి వచ్చి, నా ముఖం చూసి, ఏ తలుపు అంటున్నాడు.

"రేపు మధ్యాహ్నం వస్తాను," అన్నాను.

*

అది రెండు రెక్కల టేకు తలుపు. ద్వారబంధంతో కలిపి ఆరడుగుల వెడల్పు. పైన రెండు చిలకలు, మధ్యలో గజలక్ష్మి. శుక్రవారం పొద్దున్నే మా అమ్మ ఒక చివర, మా చిన్నమ్మ ఇంకో చివర కూర్చుని గడపకు పసుపు రాస్తూ మధ్యకు వచ్చేవాళ్ళు. నేనూ, మా చిన్నాన్న కూతురు పాప్పమ్మాళ్, గిన్నెలో మిగిలిన పసుపు కోసం కొట్టుకునేవాళ్ళం. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ఎప్పుడూ అదే గెలిచేది, ఏడ్చేది కాబట్టి.

మా నాన్న పాండురంగన్, మా చిన్నాన్న రాజగోపాలన్, పెరట్లో బోరు ఎటువైపు వేయాలన్న మాట దగ్గర విడిపోయారు. అది భాగం కేసు అయింది. తొమ్మిదేళ్ళు నడిచింది. మా నాన్న తరఫున సౌందరరాజన్. చివరకు రాజీ అన్నారు. ఇల్లు నడిమధ్య గోడ లేపారు. గోడ వెనక పెరటి నుంచి ముందు మెట్టు దాకా వచ్చింది, వచ్చి తలుపు దగ్గర ఆగింది. తలుపును సగం చేయలేరు కదా.

"నాకు లేకపోయినా పరవాలేదు. వాడికి పోకూడదు," అన్నాడు మా నాన్న. అవతలి బెంచీ మీద చిన్నాన్న కూడా ఆ మాటే అన్నాడంట. అప్పుడు సౌందరరాజన్ మధ్యలోకి వచ్చి, "కోపాలు తగ్గేదాకా నా దగ్గర ఉండనీ అన్నా" అన్నాడు. తొమ్మిదేళ్ళలో అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీద తల ఊపింది ఆ ఒక్కరోజే. తలుపు వెళ్ళిపోయింది. గోడకు ఇటొకటి అటొకటి చిన్న తలుపులు వచ్చాయి, మార్కెట్‌లో కొన్నవి.

కోపాలు తగ్గలేదు. మా నాన్న పోయాడు, మూడేళ్ళకు చిన్నాన్న పోయాడు. గోడకు అటు పాప్పమ్మాళ్, ఇటు నేను. ఆమె కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో నాకు తెలుసు, నా దగ్గు ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్ళు ఒక్క మాట లేదు. హరికృష్ణన్ పెళ్ళికి నేను వాళ్ళింటికి ఒక్కసారి వెళ్ళాను. హాలు మధ్యలో, అటూ ఇటూ గోడ లేకుండా, మా తలుపు నిలబెట్టి ఉంది. జనం చెప్పులతో గడప తొక్కి అటునుంచి ఇటు దాటి ఫోటోలు తీసుకుంటున్నారు. అన్నం తినకుండా వచ్చేశాను. అడిగి ఉండవచ్చు కదా అంటారేమో. ఆయన్ను అడగాలా? మా తలుపు కోసం ఆయన ముందు నేను నిలబడాలా?

*

నాలుగు రోజులు చదివాను. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళేదాన్ని, నా కుర్చీ తలుపుకు ఎదురుగా వేయించుకునేదాన్ని. హరికృష్ణన్ ఒక నోటుబుక్కు పట్టుకుని కూర్చునేవాడు. అతని భార్య మోనిష ప్రతి పేజీనీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకునేది.

ఆయన డైరీ కూడా కోర్టు డైరీలాగానే రాసుకున్నాడు. పైన ఆ రోజు కేసులు, కింద తన సొంత కేసులు. కోరుకున్న ప్రతి సామానూ ఆయనకు ఒక కేసు. దానికి పేరు, ఊరు, వాయిదా తేదీ. తీరనివాటిని జనవరి ఒకటో తారీకున కొత్త డైరీలోకి ఎక్కించుకున్నాడు. నేను గొంతెత్తి చదివాను. బడిలో పద్యం చదివినట్లు, మాట మాట విడగొట్టి చదివాను.

"సత్రపట్టి ఊయల బల్ల. పెద్దకొడుకు ఒప్పుకోడు. చిన్నకొడుక్కి వాటా తక్కువ వస్తుందని చెప్పి చూడాలి. ఆడి నెలకు వాయిదా."

హరికృష్ణన్ రాసుకోవడం ఆపాడు.

"మంసాపురం ముసలమ్మ ఈ ఐప్పసి నెల దాటదు. ఇత్తడి అండా. కోడలు మంచిది, పోయినరోజే వెళ్తే మాట కాదనదు."

"టీచర్, అది వదిలేయండి."

"ఎందుకు? మీకు ఎవరింటి నుంచి వచ్చినదో కావాలన్నావు కదా. రాసుకో. అండా, మంసాపురం, శవం లేవకముందు."

మోనిష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ నాలుగు రోజులూ నేను బతికినంత హాయిగా ఈ మధ్య ఎన్నడూ బతకలేదు. చోళపురం దీపస్తంభం, ఎవరిదో చనిపోయిన బిడ్డ ఉయ్యాల, దేవుడి గదిలోంచి తీసిన పీట. ఒక్కొక్కటీ చదువుతుంటే కొడుకు ముఖం మాడిపోతూ ఉంది. తండ్రి మీద కోపం కొడుకు మీద తీర్చుకుంటున్నానని నాకు తెలుసు. అయినా మానలేదు.

నా గురించి కూడా రాశాడు. "మంగళం దగ్గర అక్షరాలు పూర్తయ్యాయి. మంచి టీచరు. గర్వం ఎక్కువ. ఎవరినీ ఏదీ అడగదు. ఇలాంటివాళ్ళ సొమ్ము పక్కన ఎంతకాలమైనా పెట్టుకోవచ్చు." ఇది చదివి వినిపించలేదు. "కోర్టు విషయం, మీకు పనికిరాదు" అని పేజీ తిప్పాను.

నాలుగోరోజు మా సంవత్సరం వచ్చింది. రాజీ జరిగిన రోజు పేజీలో, కింద, ఇలా ఉంది.

"పాండురంగన్ తలుపు నా దగ్గరకు వచ్చింది. అన్నదమ్ములకు మాట ఇచ్చాను. మంగళమూ పాప్పమ్మాళూ కలిసి వచ్చి అడిగితే ఇచ్చేయాలి. ఒక్కరు వస్తే వాయిదా."

తల ఎత్తకుండా తరువాతి డైరీ తీశాను. జనవరి ఒకటి. "పాండురంగన్ తలుపు. ఇద్దరూ రాలేదు. వాయిదా." దాని తరువాతిది. "రాలేదు. వాయిదా." మా నాన్న పోయిన ఏడు, చిన్నాన్న పోయిన ఏడు, నేను రిటైరైన ఏడు. ప్రతి జనవరిలోనూ మేమిద్దరం ఆయన కోర్టులో హాజరు కాని కక్షిదారులం. ఆఖరి డైరీలో చెయ్యి వణుకుతూ రాసిన వరుస. "ఇంక రారు. ఆ ఇంటి రోషమే నా తలుపుకు కావలి."

"ఏమి టీచర్, ఏమైనా ఉందా?" అన్నాడు హరికృష్ణన్.

నేను ఒక్క క్షణం తలుపు వైపు చూశాను. గడప గాడిలో మా అమ్మ పసుపు ఇంకా ఉంది, నల్లబడిపోయి. అది ఏ చివరిదో, ఎవరు రాసిన చివరో చెప్పలేను. రాజీనాటి పేజీ మళ్ళీ తెరిచాను.

"పాండురంగన్ తలుపు," అని చదివాను. "మంగళం వచ్చి అడిగితే ఇచ్చేయాలి."

పాప్పమ్మాళ్ పేరు నా నోటి దాకా వచ్చింది. మింగేశాను.

హరికృష్ణన్ నోటుబుక్కు మూశాడు. "ఎక్కడ, చూపించండి." వేలు పెట్టి చూపించాను. వేలు పాప్పమ్మాళ్ పేరు మీద పెట్టాను. మోనిష, "టీచర్, ఒక నిమిషం, దీంట్లో తమిళంలో మార్చే ఆప్ ఉంది" అని ఫోను ఆ పేజీ మీద పట్టింది. వేలు తీయక తప్పలేదు.

మోనిష నవ్వింది. "మేకలు కలిసి వాన అడిగినాయి అంట! మామా చేతిరాత ఫోనుకు కూడా అర్థం కాలేదు."

కలిసి, అడిగినాయి. ఆ రెండు మాటలూ ఆ యంత్రం పట్టేసింది. హరికృష్ణన్ నవ్వలేదు. లేచి తలుపు దగ్గరకు వెళ్ళి గడపకు ఇటువైపే నిలబడ్డాడు.

"అప్పా రాసినాడంటే సరి టీచర్. మిగిలినదంతా విని నాకు తల ఎత్తేదానికి లేదు. ఇది ఒకటైనా మంచి మాట రాసినాడే. హోటల్ వాళ్ళకు ఇది లేదని చెప్తాను. మీరు అడగండి, నేను ఇస్తాను."

"అడగాలా?"

"అప్పా అడిగితే ఇమ్మన్నాడు కదా. ఒక్క మాట అడిగేయండి. ఆయన మనసుకు నిమ్మదిగా ఉంటుంది."

చచ్చినవాడు చచ్చి కూడా నా చేత అడిగిస్తున్నాడు. పళ్ళు బిగించి, "మా తలుపు మాకు ఇవ్వండి" అన్నాను. మాకు అన్నాను. అలవాటుగా వచ్చిన మాట.

*

గురువారం పొద్దున పది గంటలకు లారీ వచ్చింది. రెక్కలు వేరుగా, ద్వారబంధం వేరుగా తాళ్ళు కట్టి తెచ్చారు. ఆరుగురు మోసి మా వాకిట్లో దించారు. వీధంతా మెట్ల మీదకు వచ్చి చూసింది. నేను కొత్త చీర కట్టుకున్నాను. పసుపు కలిపి గిన్నెలో పెట్టుకున్నాను.

వడ్రంగి సంగిలి కొలతటేపు తీసి ద్వారబంధం కొలిచాడు. మా వాకిలి కొలిచాడు. మళ్ళీ ద్వారబంధం కొలిచాడు.

"టీచర్, నిలై ఆరడుగులు. మీ వాకిలి రెండున్నరే."

"పక్కన కొట్టి వెడల్పు చెయ్యి."

"పక్క గోడ మీదనే మచ్చు అంతా నిలిచి ఉంది. దాన్ని తాకేదానికి లేదు. ఈ మధ్య గోడ కొట్టితే సరిగ్గా కూర్చుంటుంది, ముందు ఉండిన చోటనే." అతను గోడను వేలితో కొట్టి చూపించాడు. "అవతల వాళ్ళను ఒక మాట అడిగి చెప్పండి."

ఇరవై ఏళ్ళు ఆ తలుపు నాకు కావాలనుకున్నాను. ఎక్కడ పెట్టాలని ఒక్కనాడూ అనుకోలేదు. నా సగం ఇంట్లో దానికి చోటు లేదు. సంగిలి టేపు చుట్టుకుని, పిలిస్తే వస్తానని వెళ్ళిపోయాడు. జనం కూడా ఒకరొకరే లోపలికి పోయారు. నేను, గిన్నెలో పసుపు, వాకిట్లో వెల్లకిలా పడి ఉన్న గజలక్ష్మి మిగిలాం.

గోడకు అవతలి మెట్టు మీద పాప్పమ్మాళ్ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. జుట్టు మొత్తం నెరిసిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె వైపు చూడకుండా నడవడం అలవాటై, ఆమె ముసలిదైన సంగతి నేను సరిగ్గా చూడలేదు. ఆమె తలుపును చూస్తోంది. నన్ను చూడలేదు.

"అక్కా," అంది.

ఇరవై ఏళ్ళ తరువాత మొదటి మాట.

"వక్కీలు డైరీ నువ్వే చదివినావంట కదా. దాంట్లో నా పేరు ఏమైనా రాసినాడా?"

అవునని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట. గోడ కొట్టడానికి ఒక పూట. సంగిలి ఇంకా వీధి చివరే ఉన్నాడు, కేకేస్తే వినపడేది. కానీ అవునంటే, మరి ఎందుకు చదవలేదని అడుగుతుంది. హరికృష్ణన్ ముందు, మోనిష ముందు, వీధి ముందు, ముప్పై రెండేళ్ళు పిల్లలకు అబద్ధం ఆడవద్దని చెప్పిన టీచర్‌ను.

"లేదు," అన్నాను.

పాప్పమ్మాళ్ తల ఊపింది. "మా నాయన పోయేటప్పుడు చెప్పినాడు, నువ్వూ అక్కా కలిసి పోయి అడగండి, ఇస్తాడు అని. నువ్వు పిలుస్తావని చూస్తా ఉండినాను. నేనే ముందు పిలిస్తే నువ్వు ఏమి అంటావో అని భయం." గజలక్ష్మి వైపు చూసింది. "మా నాయన అబద్ధం చెప్పినట్టుంది. ఆయనకు ఆ వేళ నినవు, తెలివి సరిగ్గా లేదు, పాపం."

లోపలికి వెళ్ళి, ఆ చిన్న తలుపు వేసుకుంది.

తల కొట్టేసినంత పనైంది. చిన్నాన్న అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో అబద్ధం చెప్పింది నేనొక్కదాన్నే. లేచి వెళ్ళి ఆ తలుపు కొట్టాలనుకున్నాను. మెట్టు దిగాను కూడా. దిగి, తిరిగి వచ్చి, పసుపు గిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఇది జరిగి మూడు నెలలు. తలుపు వాకిట్లోనే, గోడకు ఆనించి, టార్పాలిన్ కప్పి ఉంది. రెండు వానలు పడ్డాయి, చిలకల దగ్గర చెక్క ఉబ్బింది. సంగిలి రెండుసార్లు వచ్చి అడిగాడు, అవతల వాళ్ళతో మాట్లాడినారా అని. ఇంకా లేదన్నాను. వచ్చే నెల చూద్దామన్నాను. ఆ పైనెల కూడా అదే అన్నాను.

నిన్న బజారులో ఒక డైరీ కొన్నాను. జరిగింది జరిగినట్లు, ఆ పేజీలో ఉన్నది ఉన్నట్లు, పాప్పమ్మాళ్ పేరుతో సహా ఇందులో రాశాను. తెలుగు అక్షరాల్లోనే రాశాను. మా వీధిలో వీటిని చదవగలిగేవాళ్ళు ఇంకెవరూ లేరు.